పాత పెట్రోల్ అంబాసిడర్ స్టార్ట్ కావడం లేదా? స్పార్క్ ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. బండి నెలల తరబడి షెడ్డులో ఉన్నాక, లేదా రెండు రోజులు ముసురు పట్టాక ఈ పరిస్థితి తరచుగా ఎదురవుతుంది. అప్పుడు చాలామంది ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, కాయిల్ అన్నీ ఒకేసారి మార్పించేస్తారు. అలా బండి కదిలినా తప్పు దేనిదో తెలియదు. కదలకపోతే ఇంకా చిక్కు. ఇప్పుడు బజార్లో దొరికే కొత్త కండెన్సర్లు, రోటర్లలో నాసిరకానివి చాలా ఉన్నాయి కాబట్టి, పాత లోపానికి కొత్త లోపం తోడవుతుంది.

బ్యాటరీలో బయలుదేరిన కరెంటు ప్లగ్గు దాకా వెళ్లే దారి ఒకటే. పాయింట్లు అనే చిన్న స్విచ్ కరెంటును తెంపినప్పుడల్లా కాయిల్ వోల్టేజీని పెంచుతుంది, కండెన్సర్ పాయింట్ల మధ్య నిప్పురవ్వలను అణచిపెడుతుంది, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కింద తిరిగే రోటర్ ఆ స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకూ పంచుతుంది. ఆ దారి వెంట ఒక్కో చోట ఆగి చూసుకుంటూ పోతే లోపం తప్పించుకోలేదు. ఒకసారికి ఒకటే మార్చండి, మార్చిన వెంటనే పరీక్షించండి.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, పాయింట్లున్న డిస్ట్రిబ్యూటర్, 12 వోల్టుల నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ను బాడీకి కలిపిన) బండికి. ప్రీమియర్ పద్మినీకి కూడా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం దాని మాన్యువల్లో చూసుకోండి. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ వేయించిన బండి అయితే ఇందులోని పాయింట్ల పరీక్షలు పనికిరావు. అలాంటి బండిలో మెయిన్ వైరును (కాయిల్ మధ్యలోంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కి వెళ్లే లావు వైరు) గాల్లో పట్టుకుని స్పార్క్ చూడటం అసలు చేయకండి, మాడ్యూల్ కాలిపోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

టెస్ట్ ల్యాంపు అన్నిటికన్నా ముఖ్యం. 12 వోల్టుల చిన్న బల్బు, హోల్డరు, మీటరు చొప్పున రెండు వైర్లు, చివర్లకు క్లిప్పులు ఉంటే చాలు. దీనితోపాటు మల్టీమీటరు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని బ్లేడ్ల కట్ట), ప్లగ్ పానా, పిడికి రబ్బరు తొడుగు ఉన్న కటింగ్ ప్లేయరు, పాయింట్లు రుద్దే సన్నని ఆకురాయి, పొడి గుడ్డ, పనిచేస్తుందని తెలిసిన ఒక పాత ప్లగ్గు.

గేర్ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగండి. చేతి ఉంగరం, వాచీ తీసేయండి. కాయిల్ నుంచి వచ్చే వోల్టేజీ వేలల్లో ఉంటుంది కాబట్టి మెయిన్ వైరును ఒట్టి చేత్తో పట్టుకోకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పని వేరేవాళ్లతో చేయించుకోవాలి. కార్బురేటర్ దగ్గర పెట్రోల్ కారుతుంటే, తుడిచి ఆవిరి పోయేదాకా స్పార్క్ పరీక్ష జోలికి పోకండి. ఇంకొక మాట: ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయకండి. పాయింట్లు కలిసి ఉన్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్లోంచి సుమారు 4 ఆంపియర్లు అదే పనిగా పారుతూ కాయిల్ వేడెక్కుతుంది, పాయింట్లు మాడతాయి.

ముందు సెల్ఫ్ సంగతి

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మందగించి సెల్ఫ్ మూలిగితే బ్యాటరీ డౌన్ అయినా అయి ఉండాలి, టెర్మినల్స్ అయినా పట్టు వదిలి ఉండాలి. లైట్లు అలాగే వెలుగుతూ సెల్ఫ్ ఉలుకూ పలుకూ లేకపోతే సోలినాయిడ్, స్విచ్, సెల్ఫ్ మోటారు వైపు వెతకాలి. అది ఇగ్నిషన్ లోపం కాదు.

సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా పర్లేదు అనుకోవద్దు. సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగేసుకుంటే కాయిల్‌కి మిగిలే వోల్టేజీ పడిపోతుంది, స్పార్క్ నీరసపడుతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే, ముందు బ్యాటరీ ఛార్జ్ చేయించి ఆ తర్వాతే మిగతా పరీక్షలకు రండి. టెర్మినల్స్‌కి తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉంటే వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, వైర్ బ్రష్‌తో రుద్ది, బిగించాక వాసెలిన్ రాయండి. సోడా నీళ్లు బ్యాటరీ సెల్లుల్లో పడకూడదు.

ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి దాని ఎర్త్ అంతా జడలా అల్లిన ఒక పట్టీ గుండానే బాడీకి వెళ్లాలి. ఆ పట్టీ తుప్పు పడితే కరెంటు చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుల్ ముట్టుకుంటే వేడిగా ఉందంటే ఎర్త్ పట్టీ పోయిందని తెలుసుకోండి.

స్పార్క్ పరీక్ష

కాయిల్ మధ్యలోంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ నడిమికి వెళ్లే లావు వైరును క్యాప్ వైపు ఊడదీయండి. ఆ కొసకు పాత ప్లగ్గు తగిలించి, ప్లగ్గు ఇనుప ఒంటిని శుభ్రమైన ఇంజన్ లోహానికి గట్టిగా ఆనించండి, కార్బురేటర్‌కు దూరంగా. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా, టక్ టక్ మని చప్పుడుతో పడితే కాయిల్ దాకా అంతా బాగున్నట్టు. అప్పుడు క్యాప్, రోటర్, వైర్లు, ప్లగ్గులు చూడాలి. సన్నగా, పసుపుగా, ఎప్పుడో ఒకటి పడితే కాయిల్, కండెన్సర్, పాయింట్ల మీద అనుమానం. అసలే పడకపోతే లో టెన్షన్ లైను, అంటే తాళం నుంచి పాయింట్ల దాకా ఉన్న దారి చూడాలి.

స్పార్క్ లేకపోతే: బల్బుతో వెతకడం

టెస్ట్ ల్యాంపు ఒక కొసను ఇంజన్‌కి ఎర్త్ చేయండి. తాళం ఆన్ చేయండి.

1. రెండో కొసను కాయిల్ ప్లస్‌కి పెట్టండి. పాత లూకాస్ కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ అని ఉంటుంది. బల్బు వెలగాలి. వెలగకపోతే తాళం స్విచ్, అక్కడినుంచి వచ్చే వైరు, మధ్యలోని కనెక్టర్లు చూడాలి. రూఢి చేసుకోవాలంటే బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ ప్లస్‌కి నేరుగా ఒక వైరు ఇవ్వండి. ఇంజన్ అందుకుంటే తప్పు స్విచ్ వైపు ఉన్నట్టే. ఆ వైరు పీకితేనే ఇంజన్ ఆగుతుందని మరవకండి.

2. ఇప్పుడు రెండో కొసను కాయిల్ మైనస్‌కి, అంటే సీబీ అని ఉన్నచోటికి మార్చి సెల్ఫ్ కొట్టించండి. పాయింట్లు విడిపోయినప్పుడు బల్బు వెలుగుతుంది, కలిసినప్పుడు ఆరుతుంది. కాబట్టి మిణుకు మిణుకుమనాలి. మిణుకుతూ కూడా స్పార్క్ లేకపోతే కండెన్సర్, కాయిల్, ఆ మెయిన్ వైరు చూడండి.

3. బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు ఎర్త్ అందుకోవడం లేదు. నెలలు నిలబడ్డ బండిలో ఎక్కువగా కనిపించేది ఇదే: పాయింట్ల మొహాల మీద పొర పట్టి, కలిసినట్టు కనిపిస్తూనే కరెంటు పారదు. గ్యాప్ మరీ ఎక్కువైనా ఇంతే.

4. బల్బు అసలే వెలగకపోతే సీబీ దగ్గరున్న డిస్ట్రిబ్యూటర్ వైరు ఊడదీసి, బల్బును మళ్లీ సీబీకే పెట్టండి. ఇప్పుడు వెలిగితే కాయిల్ మంచిదే, డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడో ఎర్త్ తగులుతోంది. ఇప్పుడూ వెలగకపోతే కాయిల్ లోపలి చుట్టు తెగింది.

మూడో రకం, నాలుగో రకం లోపాలకు క్యాప్ తీసి లోపల దగ్గరగా చూడాల్సిందే. సీబీ నుంచి వచ్చే వైరు లోపల మెత్తని పోగుల వైరుగా మారి పాయింట్ల స్ప్రింగ్ దగ్గరికి వెళ్తుంది. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుతో స్పార్క్ పడే సమయాన్ని మార్చే డబ్బా) వల్ల పాయింట్లు కూర్చున్న పలక నిత్యం అటూ ఇటూ కదులుతుంది, దాంతోపాటు ఈ వైరూ వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి పోగులు తెగిపోతాయి, పై తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. కంటితో చూసి బాగుంది అనొద్దు. మెల్లగా లాగండి, రబ్బరులా సాగితే లోపల తెగినట్టే. మీటరు పెట్టి, వైరును కదుపుతూ చూడటం ఇంకా మంచిది. పలక నుంచి డిస్ట్రిబ్యూటర్ ఒంటికి ఇలాంటిదే ఒక చిన్న ఎర్త్ వైరు ఉంటుంది. అది తెగినా పాయింట్లకు ఎర్త్ అందక ఇదే గొడవ.

కొత్త పాయింట్లు వేసిన వెంటనే బండి చచ్చిపోతే ముందు చూడాల్సినవి ప్లాస్టిక్ వాషర్లు. పాయింట్ల స్ప్రింగ్, కండెన్సర్ వైరు, కాయిల్ వైరు ఈ మూడూ ఒకదానికొకటి తగలాలి. కానీ వాటిని పట్టుకున్న బోల్టుకి గానీ పలకకి గానీ ఏ ఒక్కటీ తగలకూడదు. మధ్యలో పడే వాషరు, టోపీ ఆకారంలో ఉండే చిన్న ప్లాస్టిక్ బుష్ చేసే పని అదే. వాటిలో ఒకటి మర్చిపోయినా, వరస తారుమారైనా పాయింట్లు ఎప్పుడూ కలిసి ఉన్నట్టే లెక్క, బల్బు వెలగదు. పాతవి విప్పేటప్పుడే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. వాషర్లు సరిగ్గా ఉన్నా బల్బు వెలగకపోతే కండెన్సర్ వైరు విడదీసి చూడండి. అప్పుడు వెలిగితే కండెన్సర్ లోపల షార్ట్ అయింది.

పాయింట్లు సెట్ చేయడం

పాయింట్ల మొహాలు బూడిద రంగులో సమంగా ఉంటే మంచిది. ఒక దాని మీద గుంట, రెండో దాని మీద మొటిమలా లేచి ఉంటే ఆకురాయితో చదును చేయండి. గుంట లోతుగా ఉంటే జత మార్చేయండి. ఎమరీ కాగితం వాడక తప్పకపోతే దాని రవ్వలు మొహాల్లో దిగబడిపోతాయి కాబట్టి తర్వాత పెట్రోల్లో తడిపిన గుడ్డతో శుభ్రంగా తుడవాలి. కొత్త పాయింట్ల మీద కూడా తుప్పు పట్టకుండా రాసిన నూనె పొర ఉంటుంది. అదీ తుడవాలి, లేకపోతే మొదటి రోజే మాడి పొరగా మారుతుంది.

గ్యాప్ చూడటానికి పాయింట్ల మడమ (క్యామ్‌ను రాసుకునే దిమ్మ) క్యామ్ (డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీది నాలుగు మూలల భాగం) మీది ఎత్తైన మూలకు రావాలి. ప్లగ్గులు నాలుగూ తీసేసి, టాప్ గేర్ వేసి, హ్యాండ్ బ్రేక్ వదిలి, సమమైన నేల మీద బండిని కొద్దికొద్దిగా నెడితే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. ముందు హ్యాండిల్ పెట్టే సౌకర్యం ఉన్న బండి అయితే న్యూట్రల్‌లోనే ఉంచి, తాళం ఆఫ్ చేసి, హ్యాండిల్‌తో తిప్పండి. బొటనవేలును మిగతా వేళ్ల వైపే ఉంచి, కింది నుంచి పైకి లాగాలి. ఇంజన్ ఎదురు కొడితే, అంటే హ్యాండిల్‌ను వెనక్కి విసిరితే, బొటనవేలు విరిగేది చుట్టూ బిగించి పట్టుకున్నవాళ్లకే.

గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం, అంటే 0.35 నుంచి 0.40 మి.మీ. 0.015 బ్లేడు సన్నని పట్టుతో జారాలి. స్క్రూ బిగించేటప్పుడు గ్యాప్ మారిపోతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవండి. క్యామ్ మీద అగ్గిపుల్ల తల అంత గ్రీజు చాలు. అది లేకపోతే మడమ త్వరగా అరిగి గ్యాప్ మూసుకుపోతుంది. ఎక్కువైతే చిమ్మి పాయింట్ల మీద పడుతుంది. గ్యాప్ తగ్గితే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, వెనక్కి పోతుంది, పెరిగితే ముందుకు వస్తుంది. అందుకే పాయింట్లు ముట్టుకుంటే టైమింగ్ కూడా చూడాలి.

కండెన్సర్, కాయిల్

సెల్ఫ్ కొడుతున్నప్పుడు పాయింట్ల మధ్య పెద్ద పెద్ద నిప్పురవ్వలు లేస్తూ, మెయిన్ వైరు దగ్గర స్పార్క్ నీరసంగా ఉంటే కండెన్సర్ పోయింది. మీటరులో సౌకర్యం ఉంటే సుమారు 0.2 మైక్రోఫారడ్ చూపించాలి. అయితే చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించి, ఇంజన్ వేడికి చచ్చిపోయేవి కూడా ఉంటాయి. పొద్దున హాయిగా స్టార్ట్ అయ్యి, అరగంట తిరిగి ఆపాక మళ్లీ అందుకోని బండిలో కండెన్సర్నీ కాయిల్నీ ముందు అనుమానించాలి. మంచిదని తెలిసిన కండెన్సర్ పెట్టి చూడటమే నమ్మకమైన పరీక్ష. బయట కాయిల్ సీబీకీ ఎర్త్‌కీ మధ్య తగిలించి చూసినా చాలు, పాతదాని వైరు విడదీస్తే సరిపోతుంది.

కాయిల్ రెండు చిన్న టెర్మినల్స్ మధ్య సుమారు 3 ఓమ్స్ ఉండాలి. 1.5 ఉంటే అది బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి వెళ్లే కరెంటును తగ్గించే రెసిస్టర్) వాడాల్సిన కాయిల్. దాన్ని నేరుగా 12 వోల్టులకు కలిపితే మాడుతుంది. మధ్య టెర్మినల్‌కీ చిన్న టెర్మినల్‌కీ మధ్య 5 నుంచి 10 వేల ఓమ్స్ దాకా వస్తుంది. నూనె కారుతుంటే, మూత మీద సన్నని నల్ల గీత ఉంటే కాయిల్ మార్చేయండి. ప్లస్, మైనస్ వైర్లు తారుమారుగా ఇచ్చినా బండి నడుస్తుంది, కానీ స్పార్క్ బలం తగ్గుతుంది, చలి పొద్దున స్టార్టింగ్‌కు సతాయిస్తుంది.

బ్యాలస్ట్ ఉన్న బండిలో ఒక లక్షణం ప్రత్యేకం: సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు ఇంజన్ అందుకుంటుంది, తాళం వదలగానే ఆగిపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కి బ్యాలస్ట్‌ను తప్పించి నిండు కరెంటు వస్తుంది, తాళం వెనక్కి రాగానే బ్యాలస్ట్ గుండా రావాలి. ఆ బ్యాలస్ట్ గానీ, స్విచ్‌లోని ఆ కాంటాక్ట్ గానీ తెగిందని దీని అర్థం.

కాయిల్ దగ్గర స్పార్క్ బాగుంటే

వానాకాలంలో అయితే మొదట క్యాప్ లోపల చూడండి. చెమ్మ పట్టి ఉంటే పొడి గుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి బిగించండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. చెమ్మ లేకపోతే వెలుతురులో తిప్పి చూడండి: ఒక కాలు (ప్లగ్గు వైరుకు కరెంటు అందించే లోహపు ముక్క) నుంచి ఇంకో కాలుకు పెన్సిల్‌తో గీసినట్టు సన్నని గీత కనిపిస్తే కరెంటు ఆ దారి పట్టింది. గోకినా లాభం లేదు, క్యాప్ మార్చాలి. నడిమిలోని కార్బన్ ముక్క స్ప్రింగ్ మీద లోపలికీ బయటికీ ఆడాలి. అరిగిపోయినా ఇరుక్కుపోయినా రోటర్‌కి సరిగ్గా తగలదు.

రోటర్ లోపం కంటికి కనపడదు. లోపలి ప్లాస్టిక్ చిల్లుపడి స్పార్క్ ప్లగ్గులకు పోకుండా కిందికి, షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. పరీక్ష ఇలా: రోటర్‌ను షాఫ్ట్ మీదే ఉంచి, ఇంజన్‌ను పాయింట్లు కలిసే చోట ఆపి, తాళం ఆన్ చేయండి. మెయిన్ వైరు కొసను ప్లేయరుతో పట్టుకుని రోటర్ ఇత్తడి ముక్కకు 3, 4 మి.మీ. ఎత్తులో ఉంచి, పిడి ప్లాస్టిక్ ఉన్న స్క్రూ డ్రైవరుతో పాయింట్లను టక్కున విడదీయండి. స్పార్క్ దూకకూడదు. మళ్లీ మళ్లీ దూకుతోందంటే రోటర్ లీకు. కొత్తది కొనేటప్పుడు ఇత్తడి ముక్కను రివెట్‌తో బిగించినవి వద్దు, చాలాసార్లు లీకయ్యేది ఆ రివెట్ దగ్గరే.

వైర్ల లీకు చీకట్లో తెలుస్తుంది. రాత్రిపూట బోనెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టిస్తే పగిలిన చోట నీలంగా మెరుస్తుంది. వైర్లు ఊడదీసే ముందు గుర్తులు పెట్టుకోండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లకు స్పార్క్ అందే వరస) 1-3-4-2, రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురుగా తిరుగుతుంది, రేడియేటర్ పక్కనున్నది ఒకటో సిలిండర్. రెండు వైర్లు మారిపోతే ఇంజన్ అందుకోబోయి కార్బురేటర్లోంచి టప్పున పేలుతుంది.

ఇక ప్లగ్గులు. తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటే ఓవర్‌ఫ్లో అయింది (సిలిండర్లోకి పెట్రోల్ ఎక్కువైంది) లేదా స్పార్క్ అందలేదు. నల్లటి పొడి మసి ఉంటే చోక్ ఎక్కువైంది. పింగాణీ పగిలితే పారేయండి. తుడిచి, గ్యాప్ 0.025 అంగుళం, అంటే సుమారు 0.64 మి.మీ. పెట్టి, చేత్తో చివరిదాకా తిప్పాకే పానా వేయండి. ఓవర్‌ఫ్లో అయితే చోక్ పనిచేయకుండా దాని నాబ్‌ను పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి పట్టి, 10 సెకన్లు సెల్ఫ్ కొట్టి అరనిమిషం ఆగండి.

స్పార్క్ బాగుండి ప్లగ్గులు పొడిగా ఉంటే ఇగ్నిషన్‌ను వదిలేసి పెట్రోల్ పంపు, ఫిల్టరు, కార్బురేటర్ చూడండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నెలలు నిలవ ఉంటే తేమ పీలుస్తుంది. పాతది తీసేసి కొత్తది పోయడం మంచిది.

టైమింగ్

అన్నీ సరిగ్గా ఉండి, ప్లగ్గులు తడిగా ఉండి, ఇంజన్ ఎదురు కొడుతుంటే డిస్ట్రిబ్యూటర్ క్లాంపు వదులై కదిలి ఉంటుంది. ఒకటో ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజన్ తిప్పండి. గాలి వేలిని తోస్తుందంటే కంప్రెషన్ వచ్చింది. అప్పుడు పుల్లీ మీది గంటును మాన్యువల్లో మీ ఇంజన్‌కి ఇచ్చిన గుర్తుకు ఎదురుగా తెచ్చి ఆపండి. రోటర్ ఒకటో వైరు కాలు వైపు చూస్తుండాలి. సరిగ్గా ఎదురు దిక్కు చూస్తుంటే, కంప్రెషన్ కాకుండా ఎగ్జాస్ట్ చివర ఉన్నట్టు, లేదా డిస్ట్రిబ్యూటర్ డ్రైవ్ తిరగేసి కూర్చున్నట్టు. వేలితో మరోసారి చూసుకోండి.

టెస్ట్ ల్యాంపు సీబీకీ ఎర్త్‌కీ పెట్టి, తాళం ఆన్ చేసి, క్లాంపు వదులు చేయండి. డిస్ట్రిబ్యూటర్ ఒంటిని గడియారానికి ఎదురుగా, బల్బు ఆరేదాకా తిప్పండి. ఇప్పుడు గడియారం వైపుకు వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ రండి. బల్బు వెలిగిన క్షణంలో ఆపి అక్కడే బిగించండి. బిగించేటప్పుడు కదలలేదని ఇంజన్‌ను కొంచెం వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెచ్చి, బల్బు గంటు దగ్గరే వెలుగుతోందో లేదో చూడండి.

ఇంజన్ అందుకున్నాక కొత్త పాయింట్లు వేసి ఉంటే 500 కిలోమీటర్లకు గ్యాప్ మళ్లీ కొలవండి. కొత్త మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది. తీసేసిన పాత రోటర్, కండెన్సర్ పనిచేస్తున్నవైతే పారేయకుండా డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి.